‘క్యాన్సర్ కణాలను చంపిన ఆకురసం’: వార్తకు ముందు ఒక ఇన్హిబిటర్ పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

ఏటా ప్రాజెక్టుల కాలం ముగిసే సమయానికి జిల్లా పేజీల్లో ఒక రకం వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా కాలేజీ విద్యార్థులు ఫలానా ఆకురసంతో క్యాన్సర్ కణాలను చంపారనీ, ఆ కణాలు ‘అపోప్టోసిస్’ పద్ధతిలో, అంటే తమను తామే విడగొట్టుకుని, చనిపోయాయనీ రాస్తారు. నేలవేము కావచ్చు, తిప్పతీగ కావచ్చు, నల్లేరు కావచ్చు, పలాస జీడితొక్క కావచ్చు. కణాలు చచ్చాయన్న మాట చాలావరకు నిజమే. అపోప్టోసిస్‌తోనే చచ్చాయన్న మాటకు మాత్రం ఆధారం చూపినవి తక్కువ. అందుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, కణాలను పెంచే అదే ప్లేటులో ఇంకొన్ని వెల్స్ (చిన్న గుంటలు) వేసి ఎంజైమ్ ఇన్హిబిటర్లు, అంటే ఎంజైముల పనిని ఆపే రసాయనాలు, కలిపి చూస్తే చాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జీవరసాయన శాస్త్రం, ఫార్మసీ చదివే పిల్లలకూ, వాళ్ల గైడ్లకూ పనికొస్తుందని ఆ పని వివరాలు రాస్తున్నాం.

కణం చావడానికి దారులు చాలా ఉన్నాయి. అపోప్టోసిస్‌లో కాస్పేజ్‌లు అనే ఎంజైములు ప్రోటీన్లను ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్నచోట కోసి కణాన్ని లోపలి నుంచే విడగొడతాయి. నెక్రోప్టోసిస్‌లో ఆర్ఐపీకే1, ఆర్ఐపీకే3 అనే కైనేజులు ఎంఎల్‌కేఎల్ అనే ప్రోటీనును మేల్కొలుపుతాయి, అది వెళ్లి కణపొరను చీలుస్తుంది. ఫెరోప్టోసిస్‌లో ఇనుము వల్ల పొరలోని కొవ్వులు ఆక్సీకరణ చెంది పాడవుతాయి. ఇవేవీ కాకుండా, వేసిన పదార్థమే సబ్బులా పొరను కరిగించేయవచ్చు. వీటిలో ఏది జరిగినా ఎంటీటీ పరీక్షలో (బతికున్న కణాలు ఒక పసుపు రసాయనాన్ని ఊదా రంగుకు మార్చే పరీక్ష) కనబడేది ఊదా రంగు తగ్గడమే. కణాలు చావకుండా పెరగడం మానేసినా ఆ రంగు తగ్గుతుంది. కాబట్టి ఎంటీటీ గ్రాఫు ఒక్కటే చూపించి అపోప్టోసిస్ అంటే ఒప్పుకోవడానికి లేదు.

ఇన్హిబిటర్‌తో అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. కాస్పేజ్‌లను ముందే కట్టేసి ఆ తర్వాత ఆకురసం వేస్తే కణాలు బతికాయా? బతికితే ఆ చావులో కాస్పేజ్‌ల పాత్ర ఉన్నట్టు. దీనికి ఎక్కువగా వాడేది జెడ్-వ్యాడ్-ఎఫ్ఎంకే. వేలైన్, అలనైన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాల ముక్కకు చివర ఫ్లోరోమిథైల్ కీటోన్ తగిలించి దీన్ని తయారు చేస్తారు. తాను కోయాల్సిన ప్రోటీనే అనుకుని కాస్పేజ్ దాన్ని పట్టుకుంటుంది. ఎంజైమ్‌లోని సిస్టీన్‌కు ఫ్లోరోమిథైల్ కీటోన్ శాశ్వతంగా అతుక్కుంటుంది. ఆ ఎంజైమ్ అణువు పని అంతటితో సరి.

తప్పులు ఎక్కువగా సీసా మూత తీసే దగ్గరే మొదలవుతాయి. జెడ్-వ్యాడ్ 1 మిల్లీగ్రాము సీసాలో కంటికి ఏమీ ఆనదు, గోడకు పలచటి తెల్లటి పొర అంటుకుని ఉంటుందంతే. ఖాళీ సీసా పంపారని ఫోన్ చేసేవాళ్లున్నారు. స్పాచ్యులాతో గీకి తూకం వేయబోయేవాళ్లూ ఉన్నారు, గీకితే సగం స్పాచ్యులాకే పోతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన సీసాను మూత తీయకుండానే అరగంట బయట ఉంచాలి. మన తీరప్రాంతపు గాలిలో చల్లటి సీసా మూత తీస్తే లోపల నీటి చెమ్మ పట్టడం ఖాయం. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో ఒక నిమిషం తిప్పి, పొడి అడుగుకు చేరాక, చెమ్మ లేని డీఎంఎస్ఓ అనే ద్రావకాన్ని నేరుగా సీసాలోకే వేయాలి. మిథైల్ ఎస్టర్ రూపంలో ఉన్న జెడ్-వ్యాడ్ అణుభారం 467.5. 1 మిల్లీగ్రాముకు 107 మైక్రోలీటర్లు వేస్తే 20 మిల్లీమోలార్ స్టాక్ (తర్వాత పలచన చేసుకునే గాఢ ద్రావణం) అవుతుంది. దాన్ని 10 మైక్రోలీటర్ల చొప్పున పది ట్యూబుల్లో పంచి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాలి.

ఫ్రీజర్ అంటే ఇంట్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ పైఅర కాదు. మంచు కరిగించుకోవడానికి అది తనంతట తానే వేడెక్కి మళ్లీ చల్లబడుతుంటుంది. ఇక కరెంటు సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఈ జిల్లాలో కరెంటు ఎన్ని రోజులు పోయిందో పాఠకులకు చెప్పక్కర్లేదు. అలాంటి సమయంలో డీఎంఎస్ఓలో కరిగించినది త్వరగా పాడవుతుంది, పొడిగా ఉన్నది తట్టుకుంటుంది. అందుకే కరిగించి పంపే సరుకు కాకుండా పొడిగా వచ్చేదే కొనాలి, అవసరం పడినప్పుడే కరిగించాలి.

డీఎంఎస్ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ట్యూబు బయటికి తీస్తే అంచులు ముందు కరుగుతాయి, మధ్యలో గడ్డ అలాగే ఉంటుంది. ఆ సమయంలో పిపెట్‌తో తీస్తే గాఢత ఎంతో ఎవరికీ తెలియదు. పూర్తిగా కరగనిచ్చి, వేలితో తట్టి, ఒకసారి తిప్పి అప్పుడు తీయాలి. కరిగించిన ట్యూబును తిరిగి గడ్డకట్టించకూడదు. చిన్న ట్యూబుల్లో పంచమనడం అందుకే.

పలచన చేయడంలోనూ ఒక కిటుకుంది. వెల్‌లో 100 మైక్రోలీటర్ల మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) ఉంటుంది, మనకు చివరికి కావలసింది 20 మైక్రోమోలార్. నేరుగా వేయాలంటే 0.1 మైక్రోలీటరు తీయాలి, అంత చిన్న కొలత ఏ పిపెట్‌తోనూ నమ్మకంగా రాదు. ఒక ట్యూబులోని 10 మైక్రోలీటర్లను 37 డిగ్రీలకు వేడెక్కిన 5 మిల్లీలీటర్ల మీడియంలోకి, వోర్టెక్స్ (ట్యూబును గిరగిరా కదిపే యంత్రం) మీద తిరుగుతుండగా మెల్లగా వదలాలి. అది 40 మైక్రోమోలార్. వెల్‌కు 50 మైక్రోలీటర్లు వేసి, గంట తర్వాత రెట్టింపు గాఢతలో కలుపుకున్న ఆకురసం 50 మైక్రోలీటర్లు వేస్తే రెండూ సగానికి పలచబడి కావలసిన గాఢతకు వస్తాయి. ఒక ట్యూబు ఒక 96 వెల్స్ ప్లేటుకు సరిగ్గా వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మీడియంలో వేస్తే మాత్రం సూదుల్లాంటి స్ఫటికాలు తేలుతాయి. మైక్రోస్కోపులో కనబడతాయి కూడా, చూసేవాళ్లు ఉంటే. ఆ గంట ఆగడాన్ని ఎగ్గొట్టకూడదు. కాస్పేజ్‌లు పని మొదలుపెట్టాక ఇన్హిబిటర్ వేసి లాభం లేదు. ప్రయోగం 24 గంటలు దాటితే మరోసారి తాజాగా వేయాలి, మీడియంలో ఇది నిలకడగా ఉండదు.

కలిపే ప్రతిదీ డీఎంఎస్ఓలోనే వస్తుంది కాబట్టి దాని లెక్క విడిగా వేయాలి. జెడ్-వ్యాడ్‌తో 0.1 శాతం, నెక్రోప్టోసిస్‌ను ఆపే నెక్రోస్టాటిన్‌తో (దాని సంగతి కింద ఉంది) ఇంకో 0.1, ఆకురసంతో మరో 0.1. కంట్రోల్ వెల్స్‌లోనూ అంతే 0.3 శాతం ఉండాలి. ఉత్త మీడియంతో పోల్చి గ్రాఫు గీస్తే అందులో ఎంత డీఎంఎస్ఓదో, ఎంత ఆకుదో తేలదు.

ఏ వెల్స్ వేయాలంటే, ఏమీ వేయనివి, డీఎంఎస్ఓ మాత్రమే ఉన్నవి, ఇన్హిబిటర్ మాత్రమే ఉన్నవి, ఆకురసం మాత్రమే ఉన్నవి, రెండూ కలిపినవి. ఇక్కడితో ఆపేస్తే ఒక పెద్ద సందు మిగిలిపోతుంది. ఆకురసంతో చచ్చే కణాలను జెడ్-వ్యాడ్ కాపాడలేదంటే చావు కాస్పేజ్‌ల వల్ల కాకపోవచ్చు, లేదా మీ జెడ్-వ్యాడ్ పాడైపోయి ఉండవచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి అపోప్టోసిస్‌ను తెప్పిస్తుందని తెలిసిన స్టారోస్పోరిన్ అనే పదార్థం 1 మైక్రోమోలార్ వేసిన వెల్స్, దానికి జెడ్-వ్యాడ్ కలిపిన వెల్స్ ఉండాలి. నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత కాస్పేజ్ చర్యను కొలిస్తే మొదటి దాంట్లో పెరగాలి, రెండో దాంట్లో పడిపోవాలి. వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను సైజును బట్టి గీతలుగా విడదీసి చూసే పద్ధతి) చేయగలిగితే, కాస్పేజ్‌లు కోసే పార్ప్ అనే ప్రోటీన్ 116 కిలోడాల్టన్ల నుంచి 89కి తెగడం చూడవచ్చు. ఇన్హిబిటర్ బాగుంటే ఆ 89 గీత మాయమవుతుంది. ఇక్కడ కణాలు బతికాయా లేదా అన్నదాన్ని కొలతగా పెట్టుకోవద్దు. స్టారోస్పోరిన్ మోతాదు గట్టిగా ఉంటే కాస్పేజ్‌లు ఆగినా కణాలు నిదానంగా చస్తాయి.

ఆకురసం విషయంలోనూ అంతే. చాలా మందులు ముందుగా బాక్స్, బాక్ ప్రోటీన్ల ద్వారా మైటోకాండ్రియా బయటి పొరను పాడుచేస్తాయి. కాస్పేజ్‌లు లేచేది ఆ తర్వాత. అప్పటికే కణం తేరుకోలేని స్థితికి చేరి ఉంటుంది. అందుకని 6, 12 గంటల దగ్గర ఇన్హిబిటర్ కాపాడినట్టు కనబడి, 48 గంటలకు తేడా చెరిగిపోవచ్చు. ఒక్క 48 గంటల కొలత చూసి అపోప్టోసిస్ కాదని తీర్పు చెప్పడమూ తొందరపాటే.

ఇంకో ఫలితం వస్తుంది, దాన్ని చాలామంది పొరపాటు జరిగిందనుకుని పారేస్తారు. జెడ్-వ్యాడ్ వేస్తే కణాలు ఇంకా ఎక్కువ చస్తాయి. మామూలుగా కాస్పేజ్-8 ఆర్ఐపీకే1ను కోసి నెక్రోప్టోసిస్‌ను అదుపులో ఉంచుతుంది. ఆ కాపలాను మనమే తీసేశాం కదా. ఎలుక కణాలైన ఎల్929లో టీఎన్ఎఫ్ అనే సంకేత ప్రోటీన్‌తో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అలాంటప్పుడు ఆర్ఐపీకే1ను ఆపే నెక్రోస్టాటిన్-1ఎస్ కలిపి చూడాలి. 1 మిల్లీగ్రాముకు 360 మైక్రోలీటర్ల డీఎంఎస్ఓ వేస్తే 10 మిల్లీమోలార్, వెల్‌లో 10 మైక్రోమోలార్ ఉంటే చాలు. పాత నెక్రోస్టాటిన్-1 కొంటే ఐడీఓ అనే వేరే ఎంజైమ్‌నూ ఆపుతుంది, కాబట్టి పేరు చివర ‘ఎస్’ ఉందో లేదో చూసి ఆర్డరు పెట్టండి. ఎంఎల్‌కేఎల్‌ను ఆపే నెక్రోసల్ఫోనమైడ్ మనిషి కణాల్లోనే పనిచేస్తుంది, ఎలుక కణాలపై వేస్తే డబ్బు దండగ. ఫెరోప్టోసిస్‌కు వాడే ఫెరోస్టాటిన్-1 అసలు ఎంజైమ్ ఇన్హిబిటరే కాదు, పొరలోని ఫ్రీ రాడికల్స్‌ను పట్టే యాంటీఆక్సిడెంట్.

సెల్ లైన్ (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే ఒకే మూలపు కణాలు) ఎంపిక దగ్గర జరిగే తప్పుకు ఇంకే జాగ్రత్తా విరుగుడు కాదు. మన వైపు ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించేది రొమ్ము క్యాన్సర్ నుంచి వచ్చిన ఎంసీఎఫ్-7. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకోవడం తేలిక, పెంచడం తేలిక. కానీ ఆ కణాల్లో కాస్పేజ్-3 జన్యువులో 47 బేస్‌ల ముక్క పోయింది, ఆ ప్రోటీనే తయారు కాదు. ఇది 1998 నుంచీ తెలిసిన సంగతి. అయినా ‘ఎంసీఎఫ్-7లో కాస్పేజ్-3 మూడు రెట్లు పెరిగింది’ అని థీసిస్‌లలో రాస్తూనే ఉన్నారు. అదెలా కుదిరిందంటే, కిట్‌లోని డీఈవీడీ సబ్‌స్ట్రేట్‌ను (కాస్పేజ్ కోస్తే రంగు వచ్చే చిన్న ముక్కను) కాస్పేజ్-7 కూడా కోస్తుంది. డబ్బా మీద కాస్పేజ్-3 అని అచ్చేసినంత మాత్రాన 405 నానోమీటర్ల దగ్గర వచ్చిన పసుపు రంగు దానిదే అయిపోదు. డీఈవీడీతో చేసి ‘కాస్పేజ్-3 ఇన్హిబిటర్’ పేరుతో అమ్మేవాటిదీ ఇదే కథ, అవి మిగతా కాస్పేజ్‌లనూ పట్టుకుంటాయి. ఒక్కో కాస్పేజ్‌ను విడిగా నిరూపించాలంటే జన్యువును తీసేసిన కణాలు కావాలి. అలాగే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాల్లో ఆర్ఐపీకే3 ఉండదు. అందులో నెక్రోస్టాటిన్ పనిచేయలేదని రాస్తే ఆకు గురించి చెప్పినట్టేమీ కాదు. నెక్రోప్టోసిస్ చూడాలనుకుంటే పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన హెచ్‌టీ-29 లాంటివి తెచ్చుకోవాలి.

ఆకురసాలతో వచ్చే చిక్కులు మరోరకం. వాటిలోని పాలీఫినాళ్లు కణాల సాయం లేకుండానే ఎంటీటీని ఊదా రంగుకు మారుస్తాయి, చచ్చిన కణాలు బతికినట్టు లెక్కకొస్తాయి. కణాలు లేని వెల్స్‌లో ఆకురసం, ఎంటీటీ మాత్రమే వేసి చూస్తే అది బయటపడుతుంది. అవే పాలీఫినాళ్లు మీడియంలో గాలి తగిలి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. కణాలు చచ్చేది దానివల్లే కావచ్చు. పెరాక్సైడ్‌ను విడగొట్టే క్యాటలేజ్ ఎంజైమ్ కలిపిన వెల్స్ కొన్ని ఉంటే దొంగ దొరుకుతాడు. పచ్చటి రసంలోని క్లోరోఫిల్ ఫ్లో సైటోమీటర్‌లో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలో చూసి లెక్కపెట్టే యంత్రం) ఎర్రగా వెలిగి, పొర చిరిగిన కణాలకు పట్టే ప్రొపిడియం అయొడైడ్ అనే రంగు లెక్కలో కలిసిపోతుంది. చచ్చే కణాల పొరకు రంగు అంటించే అనెక్సిన్ పరీక్షకు కాల్షియం తప్పనిసరి, బఫర్‌లో 2.5 మిల్లీమోలార్ ఉండాలి. కణాలను ప్లేటు నుంచి ఊడదీసే ట్రిప్సిన్‌తో వచ్చిన ఈడీటీఏ అనే రసాయనాన్ని సరిగా కడగకపోతే అది కాల్షియాన్ని లాక్కుని అనెక్సిన్‌ను అతుక్కోనివ్వదు. తేలుతున్న కణాలను పాత మీడియంతోపాటు సింకులో పారబోసి, అడుగున అంటుకున్నవాటినే లెక్కపెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. చచ్చినవి ఉండేది ఆ తేలేవాటిలోనే. అనెక్సిన్, ప్రొపిడియం అయొడైడ్ రెండు రంగులూ పట్టిన కణాలను ‘లేట్ అపోప్టోసిస్’ అని రాయడం అలవాటైపోయింది, నెక్రోసిస్‌లోనూ అవి అలాగే కనిపిస్తాయి.

పలాస జీడితొక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మన జిల్లా సరుకు కాబట్టి. తొక్క నూనెలోని అనకార్డిక్ ఆమ్లం పీ300 అనే హిస్టోన్ ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైమ్‌ను ఆపుతుందని 2003లో బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రం శాస్త్రవేత్తలు చూపించారు. కాబట్టి ఆ నూనె మీద పని చేయడంలో అర్థముంది. అయితే ఆ అణువుకు ఒక చివర ఆమ్లం, రెండో చివర 15 కార్బన్ల తోక ఉంటాయి. మోతాదు పెరిగితే ఎంజైమ్‌తో నిమిత్తం లేకుండా కణపొరనే చెదరగొడుతుంది. దాన్ని జెడ్-వ్యాడ్ ఆపలేదు. మీడియంలోకి, కణం లోపల ఉండాల్సిన ఎల్‌డీహెచ్ ఎంజైమ్ గంటలోపే కారిపోతుంటే అది అపోప్టోసిస్ కాదని అక్కడికక్కడే తెలిసిపోతుంది. పైగా కాల్చిన పిక్కల తొక్కతో పని చేస్తే, వేడికి అనకార్డిక్ ఆమ్లంలోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి అది కార్డనాల్‌గా మారి ఉంటుంది. తొక్క పచ్చిదా, ఆవిరి పట్టిందా, కాల్చిందా అన్నది రాయని ప్రాజెక్టు రిపోర్టుకు విలువ లేదు.

జెడ్-వ్యాడ్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఇది క్యాథెప్సిన్లు, క్యాల్పెయిన్ల వంటి ఇతర సిస్టీన్ ప్రోటియేజులనూ ఆపుతుంది. అదే ఫలితం క్యూ-వీడీ-ఓపీహెచ్ అనే మరో కాస్పేజ్ ఇన్హిబిటర్‌తోనూ వస్తేనే నమ్మకం కుదురుతుంది. అది 10 మైక్రోమోలార్‌కే పనిచేస్తుంది, కణాలకు హాని కూడా తక్కువ. మరో సంగతి, మిథైల్ ఎస్టర్ రూపం కణం లోపలికి వెళ్లాక అక్కడి ఎస్టరేజ్ ఎంజైములు ఆ మిథైల్‌ను తీసేస్తేనే సరిగా పనిచేస్తుంది. శుద్ధి చేసిన ఎంజైమ్‌తో ట్యూబులో పరీక్ష చేసేవాళ్లు ఎస్టర్ లేని రూపాన్ని కొనాలి.

కణాలను చావకుండా ఆపే రసాయనమే అయితే ఉద్దానం కిడ్నీ రోగులకు వాడకూడదా అని అడిగేవాళ్లు ఉన్నారు. వాడకూడదు. జెడ్-వ్యాడ్ శరీరంలో విడిపోయినప్పుడు ఫ్లోరోఎసిటేట్ పుడుతుంది, కొన్ని దేశాల్లో ఎలుకల్ని చంపడానికి వాడిన విషం అది. మనుషుల కోసం తయారైన ఎమ్రికసాన్ అనే కాస్పేజ్ ఇన్హిబిటర్‌ను ఫ్యాటీ లివర్ రోగుల్లో పరీక్షించారు, ఆశించిన ఫలితం రాలేదు. ల్యాబ్‌లోనూ గ్లవ్స్ లేకుండా వీటిని ముట్టుకోవద్దు, డీఎంఎస్ఓ తనలో కరిగినదాన్ని చర్మం గుండా లోపలికి తీసుకుపోతుంది.

ఖరీదు ఎక్కువనే మాట తరచూ వినిపిస్తుంది. 1 మిల్లీగ్రాము వేలల్లో ఉంటుంది, నిజమే. లెక్క వేసి చూడండి. వెల్‌కు 20 మైక్రోమోలార్ చొప్పున ఆ ఒక్క మిల్లీగ్రాము వెయ్యికి పైగా వెల్స్‌కు వస్తుంది. ఒక ప్రాజెక్టుకు వంద వెల్స్ చాలు. కొన్న కాలేజీల్లో మిగతా తొమ్మిది ట్యూబులు ఫ్రీజర్‌లో ఏళ్ల తరబడి మూలుగుతుంటాయి, పక్క మండలంలోని కాలేజీ వాళ్లు ఖర్చుకు భయపడి ఇన్హిబిటర్ లేకుండానే రిపోర్టు కట్టేస్తారు.

విలేకరులకు మా విన్నపం ఒక్కటే. అపోప్టోసిస్ అనే మాట రాసే ముందు ఇన్హిబిటర్ వేసిన వెల్స్‌లో ఏమైందని అడగండి. వేయలేదంటే ‘కణాల సంఖ్య తగ్గింది’ అని రాయండి, మోతాదు ఎంతో కూడా రాయండి. మిల్లీలీటరుకు వందల మైక్రోగ్రాములు పోస్తే వంటింట్లో చాలా సరుకులు క్యాన్సర్ కణాలను చంపుతాయి.

ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం లాంటి చోట ఒక ఫ్రీజర్‌లో జెడ్-వ్యాడ్, క్యూ-వీడీ-ఓపీహెచ్, నెక్రోస్టాటిన్-1ఎస్, ఫెరోస్టాటిన్-1, స్టారోస్పోరిన్ ఉన్న పెట్టె ఒకటి ఉంచి, ఖర్చును కాలేజీలు పంచుకుంటే రెండు జిల్లాల ప్రాజెక్టులకూ సరిపోతుంది. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కి పలాస చేరేదాకా థర్మకోల్ డబ్బాలో, గడ్డకట్టిన జెల్ ప్యాకెట్ల మధ్య ట్యూబులు గడ్డకట్టే ఉంటాయి. ఒక్కో ట్యూబు మీద పేరు, గాఢత, కరిగించిన తేదీ చెరగని ఇంకుతో రాయాలి. దారిలో కరిగిపోయిన ట్యూబు ఉంటే దాన్ని ఆ రోజే వాడేయాలి, తిరిగి పెట్టెలో పెట్టకూడదు.

ఇట్లు,
జీవరసాయన శాస్త్రం, ఫార్మకాలజీ బోధించే కొందరు అధ్యాపకులు,
శ్రీకాకుళం